నాలుగో సాంచ ముందు రూతక్క

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా మరమగ్గాల కార్ఖానాలో కరెంటు పోయింది. నలభై సాంచల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే చెవులు కాసేపు నమ్మవు; లోపలెక్కడో టకటకమని కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి వినబడతాయి. కింద సందులో ఆటో హారన్, చల్లబడుతున్న మోటార్ల చిటపట, ఎవరిదో దగ్గు. కాలిన నూనె, దారపు నూగు కలిసిన వేడి వాసన ముక్కు దగ్గరే నిలబడిపోతుంది. అందరూ చొక్కా గుండీలు విప్పుకుని కిటికీల వైపు నడిచారు. నేను మాత్రం నా నాలుగు సాంచల హ్యాండిళ్లూ గుంజి, మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటీ ముట్టుకుని చూసి, నాలుగో దాని పక్కన నిలబడి పెదాలు కదిపాను. పక్క సాంచల మీద కొత్తగా చేరిన ఒడియా అతను నవ్వి, "కాకా, మషీన్ సే బాత్ కర్ రహే హో?" అన్నాడు. ఆ నవ్వు గుర్తు పెట్టుకున్నాను, అది వేరే సంగతి. నేను మాట్లాడింది యంత్రంతో కాదు. అలా మాట్లాడటం నాకు నేర్పిన మనిషి పేరు రూతమ్మ. మేం రూతక్క అనేవాళ్లం. సూరత్‌లోని ఈ బమ్రోలిలో ఇప్పుడు ఆమెను ఎరిగినవాళ్లు తగ్గిపోయారు కాబట్టి రాస్తున్నాను.

రూతక్క కండెలు చుట్టేది. నేత తెలియనివాళ్ల కోసం చెప్పాలి: సాంచ అంటే మరమగ్గం. పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే మొనదేలిన కొయ్య నాడె. దాని కడుపులో పెట్టే దారపు చుట్ట కండె. కండె అయిపోతే సాంచ ఆగుతుంది. అందుకని కండెల బుట్ట పట్టుకుని తిరిగే మనిషి మీద మా అందరి కళ్లూ ఉండేవి. నేను ఈ కార్ఖానాలో చేరేనాటికి ఆమెకు యాభై దాటాయి. పెళ్లయిన కొత్తలో కరీంనగర్ వైపు పల్లె నుంచి సూరత్ వచ్చి, భర్త పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. బక్కపలచని మనిషి, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. కార్ఖానాలో తెలుగువాళ్లమంతా పద్మశాలీలమే. ఆమె ఒక్కతే కిరస్తానీ. నాతో ఆమె పరిచయమే తగాదాతో మొదలైంది. నా సాంచ ఆగి ఉంటే నన్ను దాటిపోయి మల్లేశానికి ముందు కండెలిచ్చింది. మల్లేశం నా పక్క నాలుగు సాంచలు నడిపేవాడు. నేను తేదీ వేసి, కాగితం మీద కార్ఖానా యజమాని సేఠ్‌కు ఫిర్యాదు చేశాను.

నేను అలాంటివాణ్ని, దాచుకోవడం ఎందుకు. మోరీ పొంగితే నగరపాలికకు, రేషన్ దుకాణంలో తూకం తగ్గితే పై అధికారికి, కులసంఘం భోజనాల్లో నన్ను రెండో పంక్తికి జరిపితే సంఘం అధ్యక్షుడికి అర్జీలు రాసినవాణ్ని. జవాబు రాకపోతే మళ్లీ రాసేవాణ్ని. నా ఫిర్యాదు సంగతి తెలిసి రూతక్క బుట్ట నడుముకు ఆనించుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"రాజేశం తమ్మీ, నీ నోట్ల నాలుకున్నదా, అర్జీ ఉన్నదా? జర తెరిచి సూపియ్యి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్ల పేర్లు ఇప్పటికీ చెప్పగలను.

ఆమె మీద కోపంతోనే నేను ఆమెను గమనించడం మొదలుపెట్టాను. తప్పు దొరుకుతుందేమోనని చూసేవాణ్ని. దొరికింది వేరే. రూతక్క ఎంత పిరికిదో నాకు కొద్ది రోజుల్లోనే తెలిసిపోయింది. బల్లిని చూస్తే అరుపు. ఉరిమితే చెవులు మూసుకునేది. పాండేసర రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరి మోచెయ్యి పట్టుకునేది. సాంచల మధ్య నడిచేటప్పుడు నాడె ఎగిరి తగులుతుందేమోనని భుజాలు చెవుల దాకా ముడుచుకుని నడిచేది. ఇంత భయస్తురాలు మరి ఏ పనీ మానదేం? ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది.

ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ ఉండేది కాదు. దాని గురించి నేను సేఠ్‌కు రెండు కాగితాలు రాశాను. కదలిక లేదు. ఒకరోజు రూతక్క బుట్ట కింద పెట్టి నేరుగా సేఠ్ గదికి వెళ్లింది. ఏమవుతుందో చూద్దామని నేనూ గుమ్మం దాకా వెళ్లాను. ఆమె గాజులు చప్పుడు చేస్తున్నాయి, చేతులు అంతగా వణుకుతున్నాయి.

"క్యా హై, బెన్?" అన్నాడు సేఠ్ ఫోన్ మీంచి తల ఎత్తకుండా.

"సేఠ్‌జీ, ఔరత్ లోగ్ కా దర్వాజా కో కుండీ నహీ. శరమ్ లగ్తా."

"ఠీక్ హై, హో జాయేగా."

"కబ్ హోగా సేఠ్‌జీ?"

గాజులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఎప్పుడవుతుందో చెప్పేదాకా ఆమె కదల్లేదు. సేఠ్ తలెత్తి చూశాడు. మూడో రోజుకు గడియ వచ్చింది. నా రెండు కాగితాల ఊసు ఎవరూ ఎత్తలేదు. నాకు కష్టమనిపించింది, కానీ అంతకంటే ఎక్కువగా వింతనిపించింది.

ఆమెకొక అలవాటు ఉండేది. కరెంటు పోగానే అందరూ గాలికో చాయ్‌కో పోతే, రూతక్క తన మూలనే ఒడిలో కండెలు పెట్టుకుని కళ్లు మూసుకునేది. కరెంటు వచ్చేదాకా పెదాలు కదులుతుండేవి. రాగానే ఆమేన్ అని లేచేది. ఆమె ప్రార్థన ఎంతసేపన్నది కరెంటువాళ్ల చేతిలో ఉండేది. మల్లేశం పరాచికమాడేవాడు: "అక్కా, ఇయ్యాల లైను జల్ది వచ్చింది. నీ దేవునికి సగమే ముట్టినట్టున్నది." ఆమె ఏం అంటుందో వినాలని నాకు పీకుతుండేది. మా మీద శాపాలేమో అనుకున్నాను. నేనైతే అదే చేసేవాణ్ని. ఒకరోజు కండెలు ఏరుకుంటున్నట్టు నటిస్తూ దగ్గరికి జరిగాను. చాయ్ వచ్చే వేళ, పక్కన ఆమె తెచ్చుకున్న స్టీలు గిలాస ఉంది. ఆమె ఇలా అంటోంది:

"ప్రభువా, ఇంట్ల గ్యాస్ అయిపోతదేమోనని భయమైతుంది. పిల్ల ఫోన్ చెయ్యక నాలుగు దినాలాయె, భయమైతుంది. మోకాలు వాసింది, అది పెద్దదైతదేమోనని భయమైతుంది. రోడ్డు దాటుడు, అది నీకు ఎరుకే. గంతే. ఇగ నువ్వు జూస్కో."

నేను నిరాశపడ్డాను. దేవుడితో ఇంత చిన్న మాటలా? రాగం లేదు, పొగడ్త లేదు, ఒక్క పెద్ద పదం లేదు. కానీ ఆ చివరి మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది.

ఇక నా సంగతికి వస్తాను. కరెంటు పోయినప్పుడు నేతగాడు మొట్టమొదట చేయాల్సిన పని ఒకటుంది. తన సాంచల హ్యాండిళ్లన్నీ గుంజి ఆపెయ్యాలి. లేకపోతే కరెంటు రాగానే సాంచ తనంతట తాను నడుస్తుంది. నాడె దారాల మధ్య సగంలో ఆగిపోయి ఉంటే, ఆ ఊపుకు ఎటు ఎగురుతుందో తెలియదు. పని నేర్చుకునే మొదటి రోజే ఇది చెబుతారు. తర్వాత ఎవరూ చెప్పరు, చెయ్యే చేసుకుపోతుంది. పదకొండేళ్ల కింద ఒక మధ్యాహ్నం, ఫ్యాన్ తన వైపే తిప్పుకున్నాడని మల్లేశంతో గొడవ పడుతున్నాను. మధ్యలో కరెంటు పోయింది. గొడవ ఆగలేదు, నిశ్శబ్దంలో నా గొంతు ఇంకా పెద్దగా వినబడింది. పది నిమిషాల తర్వాత కరెంటు వచ్చి, నా వెనక నాలుగో సాంచ దానంతట అది ధడాలున కదిలింది. తిరిగి చూసేలోపు నాడె ఎగిరొచ్చి ఎడమ కంటి కింద ఎముకకు తగిలింది.

నాలుగు కుట్లు పడ్డాయి. వేలెడు పైకి తగిలి ఉంటే కన్ను పోయేదని డాక్టర్ అన్నాడు. నేను అందరితో చెప్పిన మాట ఒకటే: హ్యాండిళ్లు నాలుగూ గుంజాను, గొడవలో మల్లేశం చెయ్యి పెట్టి నాలుగోది మళ్లీ వేశాడు. సేఠ్‌కు చెప్పాను, సంఘానికి రాశాను, పోలీసు చౌకీకి కూడా వెళ్లొచ్చాను. సేఠ్ నా మాట పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకోలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు.

కుట్లు తీశాక పనికి బయల్దేరాను. కార్ఖానా మెట్ల దగ్గరికి వచ్చేసరికి పైనుంచి సాంచల చప్పుడు వినబడింది. కాళ్లు ఆగిపోయాయి. మెట్టు మీద కాలు పెట్టాను, తీశాను. ఇంటికి వెళ్లిపోయాను. తలనొప్పి అని నా భార్య సుజాతకు చెప్పాను. రెండో రోజూ అదే, మూడో రోజూ అదే. పద్దెనిమిదో ఏట నుంచి సాంచల చప్పుడులో బతికినవాణ్ని, ఆ చప్పుడుకే చెమటలు పడుతున్నాయంటే ఎవరికి చెప్పుకోను? శుక్రవారం సేఠ్ ఫోన్ చేశాడు. సోమవారం రాకపోతే నా నాలుగు సాంచలు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. నాకు వచ్చిన పని అదొక్కటే. సుజాత ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "ఇంకేం పని చేస్తవయ్యా, చెప్పు" అంది.

శనివారం రూతక్క మా గదికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "రేపు మా ఇంట్ల ప్రార్థన ఉన్నది, రా" అంది.

"నేను మీ మతంల కలువ."

"కలువమని ఎవరన్నరు? కూసోమంటున్న."

దేవుడి మీద నమ్మకంతో వెళ్లలేదు. భయస్తురాలైన ఈ మనిషి ఆ గదిలో ఏం చేస్తుందో చూద్దామని వెళ్లాను. ఇంకో ఆశ కూడా ఉంది: సేఠ్ వినలేదు, సంఘం వినలేదు, చౌకీలో వినలేదు, వీళ్ల దేవుడైనా వింటాడేమో. ఒక్క గది, రెండు చాపలు, ఎనిమిదిమంది. పాట అయ్యాక ఒక్కొక్కరూ తమ భయాన్ని ఒకటి రెండు ముక్కల్లో చెబుతున్నారు, మిగతావాళ్లు దానికోసం ప్రార్థిస్తున్నారు. నా వంతు వచ్చింది. నేను మోకాళ్ల మీద కూర్చుని చేతులు కట్టుకుని మొదలుపెట్టాను. "దేవా, నా పేరు రాజేశం. ఈ నెల నాలుగో తారీకు మధ్యాహ్నం మూడు గంటలకు మల్లేశం అనే మనిషి..." ఫ్యాన్ గొడవ చెప్పాను, సేఠ్ నిర్లక్ష్యం చెప్పాను, సంఘం అధ్యక్షుడి పేరు, చౌకీలో నన్ను కూర్చోమనని జమాదారు మీసం గుర్తులు చెప్పాను. ఇంకా చాలా ఉంది.

"తమ్మీ, ఆగు," అంది రూతక్క కళ్లు తెరిచి. "దేవునికి మల్లేశం ఎరుకే. సేఠ్ గూడ ఎరుకే. నీ సంగతి చెప్పు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రార్థన మధ్యలో నా నోరు మూయించింది! అర్జీ తీసుకోని ఆఫీసులు చూశాను గానీ, సగం చదివించి ఆపిన చోటు ఇదే. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. నాకు జరిగిన అవమానాల్లో దీన్ని మించింది లేదని అప్పట్లో అనుకున్నాను.

సాయంత్రం దాకా ఉడికి, మళ్లీ ఆమె ఇంటికే వెళ్లాను, కడిగేద్దామని. అందరూ వెళ్లిపోయారు. రూతక్క నల్లా దగ్గర కూర్చుని చాయ్ గిలాసలు తోముతోంది.

"నలుగురిల నా ఇజ్జత్ తీసినవ్. నాకు దెబ్బ తాకింది, నువ్వు చూసినవ్. నాకు అన్యాయం కాలేదా?"

"చూసిన," అంది గిలాస మీంచి కళ్లెత్తకుండా. "నాలుగోది నువ్వు గుంజలే తమ్మీ. మూడు గుంజినవ్, మల్లేశం ఏదో అన్నడు, నువ్వు అటు తిరిగినవ్. గంతే, అది ఉండిపోయింది."

నా ముఖంలోకి వేడి వచ్చింది.

"గట్లయితే సేఠ్‌కు చెప్పకపోయినవా?"

"చెప్పిన. మల్లేశం చెయ్యి పెట్టలే అని చెప్పిన. పెట్టనోని సంగతి చెప్పిన, మరిచినోని సంగతి చెప్పలే. అది నీది. నువ్వు చెప్పుకోవాలె."

సేఠ్ నా మాట ఎందుకు పట్టించుకోలేదో అప్పుడు తెలిసింది. ఆమె మీద అరవాలని నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు. "అక్కా, ఇన్నేండ్ల నుంచి నా చెయ్యే గుంజుతుండె. నేను చెప్పకున్నా గుంజుతుండె. ఆ దినం గుంజలే. ఇగ నా చెయ్యిని నేనెట్ల నమ్మాలె?" నాకు సాంచ అంటే భయం కాదని, నా చెయ్యంటేనే భయమని, ఆ మాట నోటి నుంచి బయటికి వచ్చేదాకా నాకే తెలియదు. మల్లేశం పేరు చెప్పుకున్నన్ని రోజులూ ఆ భయాన్ని చూడనక్కర్లేకపోయింది.

రూతక్క గిలాసలు బోర్లించి చేతులు కొంగుకు తుడుచుకుంది. నేను ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగాను. "ఇంత ప్రార్థన చేస్తవ్ గద, నీకు భయం పోయిందా?"

ఆమె నిజంగా నవ్వింది. "ఏడ పోయింది? పొద్దుగాల నాకన్న ముందుగాల లేస్తది. ఆయనకు అప్పజెప్త. మల్ల గంటకు నా కాడికే వస్తది. మల్ల అప్పజెప్త. ఆయనకు ఇసుగు రాదు. నాకైతే వస్తది."

"మరి లాభమేంది?"

"ఒక్కదాన్నే మోస్త లేను. అది లాభం కాదా? రెండు చేతులు ఖాళీ అయితయి, పని చేసుకుంట."

ఆ నల్లా దగ్గరే, తడి నేల మీద గొంతుక్కూర్చుని నేను మొదటిసారి ప్రార్థన చేశాను. అందులో ఎవరి పేరూ లేదు, తేదీ లేదు. "ప్రభువా, నేను మరిచిపోయిన. మల్ల మరుస్తనేమోనని భయమైతుంది." ఇంకేం చెప్పాలో తెలియక ఆగాను. "గంతే," అంది రూతక్క. "ఇగ నువ్వు జూస్కో అను." అన్నాను. ఏ వెలుగూ కనబడలేదు, ఒళ్లు తేలికా కాలేదు. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టింది.

సోమవారం మెట్లు ఎక్కాను. కాళ్లు వణుకుతూనే ఎక్కాయి. మూడు సాంచలు వేశాను. నాలుగోదాని ముందు నిలబడి చెమట తుడుచుకుంటూ ఉండిపోయాను. మల్లేశం అటు తిరిగి పని చేసుకుంటున్నాడు. అప్పుడు కండెల బుట్టతో రూతక్క వచ్చి ఆ సాంచ కొసన నిలబడింది. నాడె ఎగిరితే తగిలేది సరిగ్గా అక్కడే. ఆమె భుజాలు చెవుల దాకా ముడుచుకుని ఉన్నాయి. బుట్టలో కండెలు ఒకదానికొకటి కొట్టుకుని చిన్నగా చప్పుడు చేస్తున్నాయి.

"అక్కా, పక్కకు జరుగు."

"నువ్వు చెయ్యి పెట్టు, నేను జరుగుత."

ఆమె భయపడకుండా నిలబడి ఉంటే బహుశా నేను చెయ్యి పెట్టేవాణ్ని కాదు. ధైర్యవంతులను చూసి నాకెప్పుడూ ధైర్యం రాలేదు, కోపం వచ్చింది. కానీ ఈ మనిషి నాకంటే ఎక్కువ వణుకుతోంది. నేను చక్రాన్ని చేత్తో తిప్పి, నాడెను దాని పెట్టెలోకి తెచ్చి, ఇగ నువ్వు జూస్కో అని, హ్యాండిల్ వేశాను. సాంచ నడిచింది. ఆమె ఒక్క గెంతులో పక్కకు దూకి, "అమ్మో, పానం పోయినంత పనైంది!" అంది.

అదే రోజు చాయ్ వేళ మల్లేశం దగ్గరికి వెళ్లి ఉన్నది చెప్పాను. అతను నా కుట్ల మచ్చ వైపు చూశాడు. "గీ ముక్క చెప్పనీకి ఇన్ని దినాలా? అర్జీ రాసుడైతే నీకు పది నిమిషాలు పట్టదు గదనే," అన్నాడు. తర్వాత ఫ్యాన్‌ను మధ్యకు తిప్పాడు. పూర్తిగా మధ్యకు కాదు, కొంచెం తన వైపే ఉంది. నేను చూశాను, ఊరుకున్నాను.

ఇంకో రెండేళ్లకు నేను బాప్తిస్మం తీసుకున్నాను. కులసంఘంలో మాటలు పడ్డాను. ఎవరెవరు ఏమన్నారో యాదిలోనే ఉంది. సుజాత తన పూజ తాను చేసుకుంటుంది, నా ఆదివారానికి అడ్డు చెప్పదు. అయితే రూతక్కతో నాకు మిగిలిపోయిన సంగతి ఒకటుంది. నేను కార్ఖానాలో చేరిన మొదటి వారంలో చాయ్ తెచ్చే మనిషితో, ఆమె గిలాస వేరే పెట్టమని, మాతో కలపొద్దని చెప్పాను. మరుసటి రోజు నుంచి ఆమె ఇంటి నుంచి స్టీలు గిలాస తెచ్చుకోవడం మొదలుపెట్టింది. నాకు జరిగిన అవమానాలు తేదీలతో సహా గుర్తుంటే, నేను చేసింది పదేళ్ల దాకా ఒక్కసారీ గుర్తు రాలేదు. గుర్తొచ్చిన రోజు ఆమె భీవండిలోని కూతురి దగ్గరికి వెళ్లిపోవడానికి మూటలు కడుతోంది. ఆ గిలాస కూడా మూటలో ఉంది.

"అక్కా, ఆ గిలాస సంగతి... నీకు యాదున్నదా?"

"ఉన్నది," అంది వెంటనే. "గట్లాంటియి ఎవలు మరుస్తరు?"

నేను తలెత్తలేకపోయాను.

"అది గూడ ఆయనకు అప్పజెప్పిన. ఒక్కసారికి పోలే తమ్మీ. నువ్వు పెద్ద గట్టోనివి, మస్తు సార్లు అప్పజెప్పాల్సి వచ్చింది." మూట నాకందించి, "జర ఈ ముడి గట్టిగ వెయ్యి," అంది. వేశాను. క్షమించమని అడిగాను, ఆ ముడి మీంచి చెయ్యి తియ్యకుండానే. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, కరెంటు పోయినప్పటిలాగే కళ్లు మూసుకుంది. ఏమందో ఈసారి నాకు వినబడలేదు.

రెండేళ్ల కింద ఆమె పోయిందని కూతురు ఫోన్ చేసి చెప్పింది. చివర్లో ఆస్పత్రిలో సూదంటే చాలా భయపడేదట. ప్రతి సూదికీ ముందు ఏదో గొణిగేది, ఆ తర్వాత చెయ్యి చాపేదట. ఏం గొణిగేదో కూతురికి అర్థం కాలేదు. నేను చెప్పాను.

నేను మారిపోయానని అనుకోకండి. పోయిన నెల కూడా మోరీ గురించి రెండు అర్జీలు రాశాను. ఆ ఆదివారం నలుగురిలో నా నోరు మూయించినందుకు రూతక్క మీద కోపం ఇప్పటికీ కొంచెం ఉంది. అది ఆ రోజు జరగకపోతే నేనేమైపోయేవాణ్నో ఆలోచిస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు నా భయాలు వేరు. పాత సాంచలు తీసేసి, నాడె బదులు నీటిధారతో నేసే కొత్త యంత్రాలు పెడతామంటున్నాడు సేఠ్. ఎడమ కన్ను సాయంత్రమయ్యేసరికి మసకబారుతోంది. మొన్న మంగళవారం ఆ నిశ్శబ్దంలో నాలుగో సాంచ పక్కన నిలబడి చెప్పుకున్నవి ఈ రెండే. ఒడియా అతను నవ్విన సంగతి మూడోదిగా చెప్పబోయి, ఆయనకు ఎరుకే కదా అని ఆగిపోయాను.

కరెంటు వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, దీపాలు వెలిగాయి. నా నాలుగు సాంచలూ కదలకుండా నిలబడి ఉన్నాయి, చెయ్యి వేస్తేగాని నడవవు. నాడెలను పెట్టెల్లోకి తెచ్చుకున్నాను. మూడింటినీ వేశాను. నాలుగోదాని దగ్గర చెయ్యి ఎప్పటిలాగే ఒక్క క్షణం వణికింది.

ఇగ నువ్వు జూస్కో, అన్నాను. వేశాను.